మంచుతెరలో దోబూచులు: తప్పటడుగులకు చలికాలమే తొలి బడి

తెల్లవారి ఆరు గంటలు దాటింది. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కిన తరువాత వచ్చే పల్లెల్లో ఇంకా పొద్దు పొడిచిన జాడ లేదు. ఎదుటి ఇంటి కప్పు కనబడదు. కుళాయి దగ్గర బిందె చప్పుడు వినబడుతుంది గాని, బిందె పట్టుకున్న మనిషి కనబడదు. నెగడు చుట్టూ నలుగురు చేరి అరచేతులు కాచుకుంటున్నారు.

ఇంతలో ఒక ఇంటి గడప దగ్గర అలికిడి. తలకు కుళ్ళాయి, ఒంటిమీద రెండు చొక్కాలు, కాళ్ళకు మాత్రం ఏమీ లేకుండా ఒక బుడతడు బయటికి వచ్చాడు. వాడికి ఏడాదిన్నర. నడక వచ్చి నాలుగు నెలలు. నెగడు దగ్గర కూర్చున్న తాతను పిలవబోయి నోరు తెరిచాడు. మాటకంటే ముందు నోట్లోంచి తెల్లటి పొగ వచ్చింది!

బుడతడు ఠక్కున ఆగిపోయాడు. ఇంతవరకు పొగ వదలడం తాత ఒక్కడికే చేతనవునని వాడి నమ్మకం. తాత నోట్లో చుట్ట ఉంటుంది. తన నోట్లో ఏమీ లేదు. మరొకసారి నోరు తెరిచి "హా" అన్నాడు. మళ్ళీ పొగ. వెనక్కి తిరిగి తల్లి వంక చూశాడు. ఆమె చేతిలో చీపురు ఉంది, పొయ్యి మీద ఎసరు ఉంది. అయినా వంగి, వాడి ముఖం దగ్గర ముఖం పెట్టి, తాను కూడా "హా" అన్నది. రెండు పొగలూ కలిసిపోయాయి. వాడి నవ్వుకు నెగడు దగ్గరివారంతా తిరిగి చూశారు.

ఊపిరిలోని నీటి ఆవిరి చల్లగాలి తగలగానే సన్నటి నీటి తుంపరలుగా మారుతుందని, అదే పొగలాగ కనబడుతుందని పదేళ్ళ తరువాత వాడు పుస్తకంలో చదువుకుంటాడు. అసలు పాఠం మాత్రం ఈ ఉదయమే అయిపోయింది.

చలి పల్లెల ముంగిట

ఈ కొండల మీద చలికాలమంటే మైదానంవారు ఊహించుకునే చలికాలం కాదు. చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోవడం మామూలే. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడక ముందు, విశాఖ జిల్లాలో ఉన్న రోజుల నుంచీ ఈ చలిని చూడడానికి బస్తీల నుంచి జనం వస్తూనే ఉన్నారు. వారికి మంచు ఒక వింత. రెండు రోజులుండి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు.

ఇక్కడ పుట్టిన పసివాడికీ అది వింతే. అయితే వాడు దానిని చూసి వెళ్ళిపోడు. ముట్టుకుంటాడు, నాకుతాడు, తొక్కుతాడు, మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుతాడు. గడ్డి మీది మంచుబొట్టు వేలికి తగలగానే ఎక్కడికి పోయింది? సాలెగూటికి రాత్రి ఎవరు పూసలు కట్టారు? కంచె మీద ఆరేసిన చొక్కా ఎందుకు బిర్రబిగుసుకున్నది? మాటలు రాని వయసు కనుక ఈ ప్రశ్నలన్నీ వేలితో వేస్తాడు. చూపుడువేలు చాచి "ఊ?" అంటాడు. ఆ "ఊ"కు జవాబు చెప్పేవారు ఇంట్లో ఉన్నారా లేరా అన్నదే అసలు సంగతి.

కొబ్బరినూనె గడ్డ

ఎండ పడే వేళకు తల్లి కొబ్బరినూనె సీసా తీసింది. నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. నిన్నమొన్నటి దాకా సీసా వంచితే జారిన నూనె ఈరోజు తలకిందులు చేసినా కదలదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. కొండమీద ఈ నెలల్లో అది నూనెగా ఉండేదే తక్కువ.

బుడతడు సీసాను ఊపాడు. చప్పుడు లేదు. నేలకు కొట్టబోయాడు. తల్లి సీసా అందుకుని అరుగు మీద ఎండలో పెట్టి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుంది. కొంతసేపటికి అంచుల్లో నూనె కరిగింది. నడుమ తెల్లటి గడ్డ మిగిలింది. వాడు వేలు పెట్టి దానిని నొక్కాడు. అది జారి పక్కకు పోయింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి జారింది. ఒళ్ళు రుద్దుకోవడానికి తీసిన నూనెతో పావుగంట ఆట జరిగింది. దీనికి కాణీ ఖర్చు లేదు.

తరువాత వాడికి తన నీడ దొరికింది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. అందుచేత నీడలు పొడుగు. ఈ ప్రాంతంలో 80 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లవాడికి డిసెంబరు చివరివారంలో మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 70 సెంటీమీటర్ల నీడ పడుతుంది. అదే మే నెల రెండవ వారంలోనయితే మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందకే చేరిపోతుంది. ఇక ఉదయం వేళ చెప్పనే అక్కరలేదు. బుడతడి నీడ వాకిలి దాటి వీధిలో పడింది. వాడు నడిస్తే అదీ నడిచింది. వాడు కూలబడితే అదీ కూలబడింది. పట్టుకుందామని వంగితే వేళ్ళకు మట్టే అంటింది.

గంటకు పదిహేడుసార్లు

"ఎన్నిసార్లు పడతావురా అయ్యా!" అని నాయనమ్మ కేక. పడినన్నిసార్లూ లేస్తున్నాడన్న సంగతి ఆమెకూ తెలుసు.

ఈ పడడం, లేవడం ఎంత జరుగుతుందో లెక్కపెట్టిన వారున్నారు. 2012లో న్యూయార్కు పరిశోధకులు ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలను ఆడుకోనిచ్చి, వారి అడుగులను లెక్కించారు. సగటున గంటకు 2,368 అడుగులు వేశారు. 17సార్లు పడ్డారు. ఒక్క గంటలో! పెద్దవాడు ఒక పనిలో పదిహేడుసార్లు పడితే దాని జోలికి మళ్ళీ పోడు. పసివాడికి ఆ సిగ్గు లేదు.

"మా వాడికి ఇంకా నడక రాలేదు, పక్కింటి పిల్ల పరుగెడుతోంది" అని బెంగపడే తల్లులకు కూడా ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా అయిదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిది నెలలు నిండిన తరువాత మొదలుకొని పదిహేడున్నర నెలల లోపు ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. అంటే ఇద్దరు పిల్లల నడుమ తొమ్మిది నెలల తేడా ఉన్నా ఇద్దరూ సరిగానే ఎదుగుతున్నట్టు. పద్దెనిమిది నెలలు దాటినా నడక రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

చలికాలంలో ఈ నడకకు ఒక అడ్డు వస్తుంది. జలుబు చేస్తుందన్న భయంతో పిల్లవాడికి నాలుగు చొక్కాలు తొడిగి, దుప్పటి చుట్టి మూలన కూర్చోబెడతారు. చేతులు ఆడవు, కాళ్ళు ఆడవు. పిల్లవాడు ఏడుస్తాడు. చలికి ఏడుస్తున్నాడనుకుని ఇంకొకటి తొడుగుతారు! నిజానికి జలుబు తెచ్చేది సూక్ష్మక్రిములు. తలుపులు మూసిన గదిలో దగ్గుతూ తుమ్ముతూ ఉన్న నలుగురి మధ్య అవి ఒకరి నుంచి ఒకరికి త్వరగా అంటుకుంటాయి. పలుచటి దుస్తులు రెండు మూడు పొరలు, తలకు కుళ్ళాయి, కాళ్ళకు జోళ్ళు ఉంటే చాలు. ఎండ ఎక్కగానే ఒక్కొక్క పొర తీసివేయవచ్చు. ఏడాది నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు కదులుతూ ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

దుప్పటి చాటున నాన్న

సాయంత్రం తండ్రి కాఫీ తోట నుంచి వచ్చాడు. ఈ నెలల్లో కాఫీ పళ్ళ కోత. కొండవాలు మీద రోజంతా నిలబడి, చెట్టు చెట్టుకూ ఎర్రగా పండిన కాయలనే ఏరి కోసుకు రావాలి. వచ్చీ రాగానే మంచం మీద వాలి దుప్పటి ముసుగు తన్నాడు.

బుడతడు మంచం దగ్గరకు వెళ్ళి చూశాడు. నాన్న లేడు, దుప్పటి ఉంది. కొంగు పట్టినట్టు దుప్పటి అంచు పట్టి లాగాడు. నాన్న ముఖం బయటపడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అలసిన మనిషి విసుక్కోవచ్చు. ఆయన విసుక్కోలేదు. మళ్ళీ ముసుగు వేసుకుని లోపలి నుంచి "బూచి" అన్నాడు. ఇక ఆ ఆటకు అంతు లేదు.

ఈ దోబూచులాట వెనక పెద్ద విషయమే ఉంది. కంటికి కనబడని వస్తువు కూడా లోకంలో ఉంటుందని పిల్లలకు పుట్టుకతోనే తెలుస్తుందా అన్న ప్రశ్నను స్విట్జర్లాండుకు చెందిన జాన్ పియాజే తన సొంత పిల్లలు ముగ్గురినీ గమనిస్తూ పరిశీలించాడు. వారి ఎదుట బొమ్మను గుడ్డ కింద దాచేవాడు. కొద్దినెలల పసికందు గుడ్డ కప్పగానే బొమ్మను మరచినట్టే ఉండేది. కొంత పెద్దయ్యాక గుడ్డ తీసి వెతికేది. ఈ ఎరుక నెలల తరబడి కొద్దికొద్దిగా కుదురుకుంటుందని ఆయన చెప్పాడు. ఆయన అనుకున్నదానికంటే చిన్న వయసులోనే అది మొదలవుతుందని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఏది ఎలా ఉన్నా, ముసుగు వెనక నాన్న ఉన్నాడన్న నమ్మకం కలిగిన పిల్లవాడికి, రేపు తోటకు వెళ్ళిన నాన్న సాయంత్రానికి తిరిగి వస్తాడన్న నమ్మకం కూడా కుదురుతుంది. మన పెద్దలు ఈ శాస్త్రం చదవకుండానే ఉయ్యాల దగ్గర నుంచి ఈ ఆట ఆడిస్తూ వచ్చారు.

ఆట తీరికైనవారి పనా?

"పొద్దంతా కూలి, పొయ్యి దగ్గర పని. పిల్లాడితో ఆడుకుంటూ కూర్చోవడం మాకు కుదిరేదా?" అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే పేద ఇళ్ళలోనే ఈ ఆటకు ఎంత విలువ ఉందో తెలిపే ఉదంతం ఒకటి ఉంది.

జమైకా దేశపు రాజధాని కింగ్‌స్టన్‌లో 1986లో తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ లోపు వయసు పిల్లలను 129 మందిని ఎంపిక చేశారు. అందరూ పేద పేటల పిల్లలే. తిండి చాలక వయసుకు తగిన ఎత్తు ఎదగనివారే. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, ఒక గంట సేపు, రెండేళ్ళపాటు వెళ్ళారు. ఇంట్లో పడి ఉన్న వస్తువులతోనే బొమ్మలు చేసి, పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. అంతే! ఇరవై ఏళ్ళు గడిచాక వెతికి చూస్తే, ఆ ఆటలకు నోచుకున్నవారి సంపాదన, నోచుకోనివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. 2014లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది.

ఆ తల్లులూ తీరికైనవారు కారు. ఇందుకు వేరే సమయం కేటాయించనక్కరలేదు. అంట్లు తోమేటప్పుడు గిన్నెలో గిన్నె పెట్టే పని వాడికి ఇవ్వవచ్చు. చిక్కుళ్ళు ఒలిచేటప్పుడు పొట్టును బుట్టలో వేయమనవచ్చు. లాల పోసేటప్పుడు ముక్కు ఏది, చెవి ఏది అని అడగవచ్చు. బువ్వ తినిపించేటప్పుడు వాడు "ఊ" అన్న ప్రతిదానికీ పేరు చెప్పవచ్చు. ఈ పేర్లే పోగుపడి రెండేళ్ళు నిండేసరికి "అమ్మ లాల", "తాత రా" అని రెండు మాటలు కలిసి వస్తాయి. అంగన్‌వాడీల సేవలు మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. తూకం వేయించడానికి, పౌష్టికాహారం కోసం అక్కడికి వెళ్ళే తల్లులు, పిల్లవాడి ఆటపాటల గురించి కూడా కార్యకర్తను అడగడం మంచిది. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు ఏ ఎదుగుదల కనబడాలో రాసి ఉంటుంది.

ఈ మధ్య పిల్లవాడు ఏడవగానే చేతికి సెల్‌ఫోన్ ఇవ్వడం కొండమీద కూడా మొదలయింది. ఏడుపు ఆగుతుంది, నిజమే. కాని ఫోన్ "ఊ?" అన్నదానికి జవాబు చెప్పదు. రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు తెరే వద్దని, ఆపైన నాలుగేళ్ళ దాకా రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

నెగడు దగ్గర కన్ను వేయాలి

చలికాలపు ఆటలకు ఒక చీకటి కోణం కూడా ఉంది. నెగడు పసివాడికి అన్నిటికంటే పెద్ద ఆకర్షణ. ఎర్రగా కదిలే ఆ వస్తువును పట్టుకోవాలనే వాడి కోరిక. నెగడుకూ పిల్లవాడికీ మధ్య ఎప్పుడూ ఒక పెద్దమనిషి కూర్చోవాలి. ఆరినట్టు కనబడే బూడిద కింద కూడా నిప్పులుంటాయి. కాలితే వెంటనే చల్లటి మామూలు నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. పేస్టు, సిరా, నెయ్యి వంటివి రాయరాదు. ఆ పైన ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

రాత్రిళ్ళు గదిలో కుంపటి పెట్టి తలుపులన్నీ మూసి పడుకోవడం ఇంకా ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునేముందు కుంపటిని బయట పెట్టివేయాలి. పొయ్యి పొగ, లాల పోసిన తరువాత వేసే సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు మంచివి కావు.

దగ్గు, జలుబు వచ్చినప్పుడు తల్లి చేయవలసిన చిన్న పని ఒకటి ఉంది. పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది చొక్కా ఎత్తి, నిమిషం పూర్తయ్యే దాకా ఊపిరి లెక్కపెట్టాలి. ఏడాది నిండినవాడికి నిమిషానికి 40 సార్లు, రెండు నెలల నుంచి ఏడాది లోపు పసికందుకు 50 సార్లు, లేక అంతకు మించి ఉంటే అది న్యుమోనియా కావచ్చు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా అంతే. తెల్లవారనీయండి చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేయాలి.

భోగిపళ్ళ వేళ

సంక్రాంతికి బుడతడి కుటుంబం ఘాట్ దిగి మాడుగుల దగ్గరి అమ్మమ్మ ఊరికి వెళుతుంది. అక్కడ వాడి కోసం గంగిరెద్దు తల ఊపుతూ వస్తుంది. హరిదాసు పాత్రలో బియ్యం వేయడానికి తాత భుజం మీదికి ఎత్తుతాడు. అమ్మమ్మ వేసిన ముగ్గు మీద వాడి పాదాల గుర్తులు పడతాయి. అమ్మమ్మ కోప్పడదు. ముగ్గు పిండిలో సున్నం కలిసి ఉంటే ఆ చేతితో కళ్ళు నులుముకోకుండా మాత్రం చూడాలి.

భోగి సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోస్తారు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, సెనగలు, పూలరేకులు, చిల్లర డబ్బులు కలిపి తలమీదుగా పోయడం ఆచారం. పెద్దలందరూ హారతి పాట మీద ధ్యాసలో ఉండగా, పసివాడు ఒడిలో పడిన సెనగగింజను నోట్లో వేసుకుంటాడు. ఈ వయసులో నములు దంతాలు సరిగా రావు. గింజ కాని, రేగుగింజ కాని, నాణెం కాని గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆగుతుంది. పూలరేకులు ఎక్కువగా, గింజలు, నాణేలు దూరంగా ఉంచి పోసినా దీవెన దీవెనే. పోయడం అయిన వెంటనే ఒడి దులిపి, నేల ఊడ్చివేయాలి. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకుండా పిడకలు, కట్టెలతో సరిపెట్టుకుంటే ఆ పొగ వల్ల పసివారికి చేటు తగ్గుతుంది.

మళ్ళీ పొగ

దోబూచులాట ముగిసేసరికి చీకటి పడింది. తండ్రి అలసట ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. దుప్పటి భుజాన వేసుకుని, బుడతడిని అందులో చుట్టి వాకిట్లోకి వచ్చాడు. ఎదుటి కొండ మీద మంచు దిగుతున్నది.

పొద్దున తోటకు వెళ్ళే తొందరలో ఆయన పొగ సంగతి చూడలేదు. ఇప్పుడు బుడతడు తండ్రి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. జాగ్రత్తగా నోరు తెరిచి "హా" అన్నాడు. పొగ వచ్చింది. తరువాత తండ్రి నోటి వంక చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి పాఠం చెబుతున్నది కొడుకు. తండ్రి కూడా నోరు తెరిచి "హా" అన్నాడు.